గృహహీనతకు దృశ్యరూపం: ‘కేథీ కమ్ హోమ్’ (1966) టెలివిజన్ చిత్ర నిర్మాణం, స్పందన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రిటన్‌లో బీబీసీ 1966 నవంబర్ 16న ప్రసారం చేసిన ‘కేథీ కమ్ హోమ్’ టెలివిజన్ నాటకచరిత్రలో ఒక మైలురాయిగా గుర్తింపు పొందింది. ఒక్క రాత్రి ప్రసారమైన ఈ చిత్రం దేశ చట్టాన్నే మార్చివేసిందన్న అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉంది. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని కాలక్రమం ఆధారంగా పునఃపరిశీలిస్తుంది. చిత్రానికి ముందున్న గృహవసతి సమస్య, రచన, చిత్రీకరణ పద్ధతి, ప్రసారానంతర స్పందన, వాస్తవ-కల్పనల మిశ్రమంపై చెలరేగిన వివాదం, 1977 నాటి చట్టం అనే అంశాలను వరుసగా చర్చిస్తుంది. గృహహీనత వ్యక్తి తప్పిదం కాదని ప్రేక్షకులకు అనుభవపూర్వకంగా తెలియజేయడమే చిత్రం సాధించిన ప్రధాన ప్రయోజనమని, ఆ ప్రయోజనానికీ దాని పరిమితులకూ చిత్రరూపమే మూలమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: టెలివిజన్ నాటకం, డాక్యుమెంటరీ డ్రామా, గృహహీనత, వాస్తవికత, బీబీసీ, కెన్ లోచ్, జెరెమీ శాండ్‌ఫర్డ్.

1. ఉపోద్ఘాతం:

సాహిత్యం, కళలు సమాజాన్ని మార్చగలవా అన్న ప్రశ్న విమర్శకు కొత్తది కాదు. ఆ ప్రశ్నకు అవునని సమాధానం చెప్పదలచినవారు ఆధునిక కాలం నుంచి తరచు చూపే ఉదాహరణలలో ‘కేథీ కమ్ హోమ్’ ఒకటి. జెరెమీ శాండ్‌ఫర్డ్ రచన, టోనీ గార్నెట్ నిర్మాణం, కెన్ లోచ్ దర్శకత్వంలో రూపొందిన ఈ చిత్రాన్ని తొలి ప్రసారంలో సుమారు కోటి 20 లక్షల మంది చూశారు. నాటి బ్రిటన్ జనాభాలో ఇది అయిదింట ఒక వంతుకు పైగా ఉంటుంది. 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వృత్తినిపుణుల అభిప్రాయాలతో రూపొందించిన వంద ఉత్తమ బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమాల జాబితాలో ఇది రెండవ స్థానంలో నిలిచింది.

ఇంతటి కీర్తి ఒక్కొక్కసారి చరిత్రను కప్పివేస్తుంది. చిత్రం ప్రసారమైంది, ప్రజలు చలించారు, ప్రభుత్వం కదిలింది అన్న మూడు వాక్యాల కథనం వినడానికి ఇంపుగా ఉన్నా, దానిలో పదకొండేళ్ల కాలం, అనేకమంది కృషి లుప్తమవుతున్నాయి. చిత్ర ప్రాధాన్యాన్ని తగ్గించడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. అది నిజంగా ఏం చేసింది, ఏం చేయలేదు అని వేరుచేసి చూసినప్పుడే దాని విలువ స్పష్టమవుతుంది.

2. నేపథ్యం - నిలువనీడ లేని కుటుంబాలు:

రెండవ ప్రపంచయుద్ధంలో జరిగిన బాంబుదాడులు, యుద్ధకాలంలో నిలిచిపోయిన నిర్మాణాలు బ్రిటన్ నగరాలలో ఇళ్ల కొరతను తీవ్రం చేశాయి. యుద్ధానంతర ప్రభుత్వాలు పెద్దయెత్తున ఇళ్లు కట్టినా అవసరం తీరలేదు. 1957 నాటి అద్దె చట్టం అనేక ఇళ్లపై అద్దె నియంత్రణను తొలగించింది. పాత కిరాయిదారు ఖాళీ చేస్తే కొత్తవారికి ఎక్కువ అద్దెకు ఇచ్చుకునే వీలు ఇంటి యజమానికి కలిగింది. దానితో కిరాయిదారులను వెళ్లగొట్టడం లాభసాటి వ్యవహారమయింది. పశ్చిమ లండన్‌లో పీటర్ రాక్‌మన్ అనే యజమాని పేరు ఈ దౌర్జన్యానికి పర్యాయపదమై, ఆంగ్లంలో ఒక కొత్త పదానికే జన్మనిచ్చింది. 1965లో వెలువడిన మిల్నర్ హాలండ్ సంఘం నివేదిక లండన్ కిరాయిదారుల దుస్థితిని అధికారికంగా నమోదు చేసింది. అదే ఏడాది వచ్చిన కొత్త అద్దె చట్టం కొంత రక్షణ కల్పించింది.

ఇల్లు కోల్పోయినవారికి ఆనాడు ఉన్న ఆధారం 1948 నాటి జాతీయ సహాయ చట్టం. శతాబ్దాలుగా కొనసాగిన పేదల చట్టాన్ని రద్దు చేస్తూ వచ్చిన ఈ శాసనం, ముందుగా ఊహించలేని పరిస్థితులలో ఇల్లు కోల్పోయినవారికి తాత్కాలిక వసతి కల్పించే బాధ్యతను స్థానిక సంస్థల సంక్షేమ విభాగాలపై ఉంచింది. చట్టం మారినా కట్టడాలు మారలేదు. పాత అనాథ శ్రమాగారాలనే తాత్కాలిక వసతిగృహాలుగా వాడుకున్నారు. అనేకచోట్ల తల్లీపిల్లలకు మాత్రమే ప్రవేశం ఉండేది. భర్త వేరే చోటు చూసుకోవలసిందే. గడువు ముగిసినా ఇల్లు దొరకకపోతే పిల్లలను ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకునేవారు. ఇల్లు లేకపోవడం అనే ఒక్క కారణంతో కుటుంబం మూడు ముక్కలయ్యే అవకాశం ఈ విధానంలోనే ఉంది.

దీనిపై ప్రతిఘటన చిత్రానికి ముందే మొదలైంది. కెంట్ కౌంటీలోని వెస్ట్ మాలింగ్ సమీపంలో ఉన్న కింగ్ హిల్ వసతిగృహంలో 1965లో కొందరు భర్తలు నిబంధనలను ధిక్కరించి భార్యాపిల్లలతోనే ఉండిపోయారు. కోర్టు ఉత్తర్వులను ఉల్లంఘించినందుకు కొందరు జైలుకు కూడా వెళ్లారు. ‘కేథీ కమ్ హోమ్’ చూపిన అన్యాయాన్ని ఆ అన్యాయానికి గురైనవారే అప్పటికే బహిరంగంగా ప్రశ్నించారన్నది చిత్రచరిత్రలో తరచు మరుగున పడే విషయం.

3. వేదిక - బీబీసీ ‘వెన్స్‌డే ప్లే’:

1955లో వాణిజ్య టెలివిజన్ ప్రారంభం కావడంతో బీబీసీ ఏకచ్ఛత్రాధిపత్యం ముగిసింది. పోటీ సంస్థలో ‘ఆర్మ్‌చైర్ థియేటర్’ను విజయవంతం చేసిన కెనడా దేశీయుడు సిడ్నీ న్యూమన్‌ను బీబీసీ తన నాటకవిభాగానికి అధిపతిగా తెచ్చుకుంది. 1963లో బాధ్యతలు చేపట్టిన న్యూమన్ రంగస్థల కావ్యాల అనుసరణల కంటే సమకాలీన జీవితాన్ని చిత్రించే కొత్త రచనలకు ప్రాధాన్యమిచ్చాడు. 1964లో మొదలైన ‘వెన్స్‌డే ప్లే’ ధారావాహిక ఆ ఆలోచనకు ఫలితం. డైరెక్టర్ జనరల్ హ్యూ కార్ల్‌టన్ గ్రీన్ కాలంలో సంస్థలో ఏర్పడిన ఉదారవాతావరణం కూడా దీనికి తోడ్పడింది.

1965 నవంబర్‌లో ఇదే ధారావాహికలో నెల్ డన్ కథల ఆధారంగా లోచ్ రూపొందించిన ‘అప్ ది జంక్షన్’ ప్రసారమైంది. దక్షిణ లండన్ శ్రామికయువతుల జీవితాన్ని, చట్టవిరుద్ధ గర్భస్రావాన్ని నిర్మొహమాటంగా చూపిన ఆ నాటకం తీవ్రచర్చకు కారణమైంది. స్టూడియో గోడలు దాటి వీధుల్లోకి వెళ్లి 16 ఎంఎం కెమెరాతో చిత్రీకరించడం, పాత్రల మాటలపై వైద్యుని గొంతుతో గణాంకాలు వినిపించడం అందులోనే కనిపిస్తాయి. ‘కేథీ కమ్ హోమ్’ రూపానికి పూర్వరంగం అదే.

4. రచన - విషయసేకరణ నుంచి నాటకానికి:

శాండ్‌ఫర్డ్ సంపన్న కుటుంబంలో పుట్టి ఈటన్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదువుకున్నవాడు. భార్య నెల్ డన్‌తో కలిసి శ్రామికుల ప్రాంతమైన బాటర్సీలో కాపురం పెట్టాడు. పొరుగున ఉన్న ఒక కుటుంబం ఇల్లు కోల్పోయి, పూర్వం శ్రమాగారంగా ఉన్న న్యూయింగ్టన్ లాడ్జ్‌కు చేరడంతో ఆయన దృష్టి ఈ సమస్యపై పడింది. వసతిగృహాలకు వెళ్లి చూశాడు. బాధితులతో మాట్లాడి రికార్డు చేశాడు. పత్రికలలో రాశాడు. 1960ల ఆరంభంలో రేడియోకు ఒక కార్యక్రమం కూడా చేశాడు. అది పెద్దగా కదలిక తేలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సాహిత్యప్రశ్న తలెత్తుతుంది. అవే వాస్తవాలు వార్తగా, రేడియో కార్యక్రమంగా వచ్చినప్పుడు లేని ప్రభావం నాటకంగా వచ్చినప్పుడు ఎందుకు కలిగింది? వార్త సాధారణంగా కుటుంబాన్ని వసతిగృహంలో ఉన్న స్థితిలో చూపుతుంది. చూసేవారికి వారు మొదటి నుంచీ అలాంటివారే అనిపించే ప్రమాదం ఉంది. నాటకం వారిని సంతోషంగా ఉన్న రోజుల నుంచి చూపుతుంది. కాలం అనే పరిమాణం చేరడం వల్ల ‘వాళ్లు’ అన్న దూరం తగ్గి ‘మనం’ అన్న భావన ఏర్పడుతుంది. సేకరించిన అనేక కుటుంబాల అనుభవాలను శాండ్‌ఫర్డ్ ఒక్క జంట జీవితంగా కూర్చాడు. చిత్రం సాధించిన విశ్వసనీయతకు, తరువాత ఎదుర్కొన్న ఆక్షేపణకు ఈ కూర్పే ఆధారం.

5. చిత్రీకరణ - పద్ధతి, పరిమితులు:

1966 వసంతకాలంలో చిత్రీకరణ జరిగింది. నాటి టెలివిజన్ నాటకాలు ప్రధానంగా స్టూడియోలో ఎలక్ట్రానిక్ కెమెరాలతో తయారయ్యేవి. ఫిల్మును బయటి దృశ్యాలను అతికించడానికి మాత్రమే వాడేవారు. లోచ్, గార్నెట్ ఈ నిష్పత్తిని తలకిందులు చేశారు. ఛాయాగ్రాహకుడు టోనీ ఇమి తేలికపాటి 16 ఎంఎం కెమెరాను చేతపట్టుకుని నిజమైన వీధులలో, ఇళ్లలో, ఉన్న వెలుతురులో చిత్రించాడు. అప్పటి వరకు ఆ కెమెరాను వార్తల విభాగం పనిముట్టుగానే చూసేవారు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల కారణంగా కొద్దిభాగాన్ని మాత్రం స్టూడియోలోనే చిత్రించవలసి వచ్చింది.

కేథీగా కేరల్ వైట్, ఆమె భర్త రెజ్‌గా రే బ్రూక్స్ నటించారు. పిల్లల పాత్రలలో కేరల్ వైట్ సొంత కుమారులే కనిపిస్తారు. లోచ్ నటులకు సన్నివేశంలో కొంత స్వేచ్ఛ ఇచ్చి, మాట తడబాటును, ఒకరి మాటపై మరొకరి మాట పడడాన్ని దోషంగా భావించక నిలుపుకున్నాడు. కెమెరా ఒక్కొక్కప్పుడు మాట్లాడే మనిషిని ఆలస్యంగా వెతికి పట్టుకుంటుంది. ఏం జరగబోతోందో కెమెరాకు ముందుగా తెలియదన్న భావన దీనివల్ల ప్రేక్షకునిలో కలుగుతుంది. చివరి సన్నివేశాన్ని లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లో నిజమైన ప్రయాణికుల మధ్యనే తీశారు.

బుధవారం రాత్రి ఈ నాటకాలు వార్తల తరువాత వచ్చేవి. వార్తలకూ నాటకానికీ మధ్య ప్రేక్షకుడు గీత గీయకూడదన్నది నిర్మాతల సంకల్పం. రంగస్థల సంప్రదాయాన్ని, స్టూడియో సహజవాదాన్ని టెలివిజన్ వదిలించుకోవాలని 1964లో ‘ఎంకోర్’ పత్రికలో రచయిత ట్రాయ్ కెన్నెడీ మార్టిన్ చేసిన వాదం కూడా ఈ తరం కళాకారులకు ప్రేరణగా నిలిచింది.

6. కథాక్రమం, కథనరీతి:

కథ క్లిష్టమైనది కాదు. పల్లెప్రాంతం నుంచి లండన్ చేరిన కేథీ లారీ డ్రైవర్ రెజ్‌ను ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది. మంచి జీతం, కొత్త ఫ్లాటు, వాయిదాలపై కొన్న సామాను. ఆమె గర్భవతి అవుతుంది. ఆ భవనంలో పిల్లలకు అనుమతి లేదు. అంతలో రెజ్ ప్రమాదానికి గురై సంపాదన కోల్పోతాడు. అక్కడి నుంచి వారి ప్రయాణం మెట్టు మెట్టుగా కిందికి సాగుతుంది. అత్తగారి ఇరుకిల్లు, దయగల ముసలి యజమానురాలి ఇల్లు, ఆమె మరణానంతరం గెంటివేత, కారవాన్, దానికి నిప్పు పెట్టడం, పాడుబడ్డ కట్టడం, చివరకు స్థానిక సంస్థ వసతిగృహం. అక్కడ రెజ్‌కు చోటు లేదు. గడువు ముగిసిన తరువాత కేథీ పిల్లలతో రైల్వే స్టేషన్‌కు చేరుతుంది. అధికారులు వచ్చి పిల్లలను ఆమె చేతుల నుంచి తీసుకుపోతారు.

ఈ పతనంలో ఏ ఒక్క మెట్టూ అసాధారణం కాదు. దుష్టపాత్ర లేదు. ఇల్లు ఖాళీ చేయించే ఉద్యోగి తన పని తాను చేస్తాడు. వసతిగృహ సిబ్బంది నియమాలు అమలు చేస్తారు. క్రౌర్యం వ్యక్తులలో కంటే నియమాల అమరికలో ఉందని చిత్రం ఎక్కడా ప్రకటించకుండానే స్ఫురింపజేస్తుంది.

కథనంలో శబ్దం బింబంతో సమానమైన పాత్ర వహిస్తుంది. కేథీ గొంతు గడిచిన కాలాన్ని తలచుకుంటూ సాగుతుంది. ఆ గొంతులోని గతస్మృతి ధోరణి వల్ల సుఖదృశ్యాలలో కూడా రాబోయే నష్టం నీడ కనిపిస్తుంది. దానికి సమాంతరంగా పేరులేని స్వరాలు వినిపిస్తాయి. అధికార నివేదిక చదువుతున్నట్లు ఒకటి, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తున్నట్లు మరొకటి, తమ కష్టం చెప్పుకుంటున్న కిరాయిదారులవి మరికొన్ని. కేథీ కథ ఆమె ఒక్కరిదే కాదని ఈ స్వరసమూహం సూచిస్తుంది. చివర తెరపై కనిపించే వాక్యాలు మూడు విషయాలు చెబుతాయి: ఈ ఘటనలన్నీ గత 18 నెలలలో బ్రిటన్‌లో జరిగినవే, తల్లిదండ్రులకు ఇల్లు లేని కారణంగా ఏటా 4,000 మంది పిల్లలు వారికి దూరమై సంరక్షణలోకి వెళుతున్నారు, యుద్ధానంతరం పశ్చిమ జర్మనీ బ్రిటన్ కంటే రెట్టింపు ఇళ్లు కట్టింది. కల్పితకథ ముగిసిన క్షణంలో గణాంకం తెరపైకి రావడం వల్ల ప్రేక్షకునికి ‘ఇది కథ కదా’ అని ఊరడిల్లే అవకాశం లేకుండా పోతుంది.

7. ప్రసారం, తక్షణ స్పందన:

ప్రసారానంతరం పత్రికలలో, పార్లమెంటులో చర్చ జరిగింది. 1967 జనవరిలోనే చిత్రాన్ని పునఃప్రసారం చేశారు. శాండ్‌ఫర్డ్, నిర్మాతలు గృహవసతి మంత్రి ఆంథొనీ గ్రీన్‌వుడ్‌ను కలిశారు. వసతిగృహాలలో భర్తలను వేరుచేసే పద్ధతిని కొన్ని స్థానిక సంస్థలు విడిచిపెట్టడం చిత్రం వల్ల కలిగిన ప్రత్యక్ష ప్రయోజనమని శాండ్‌ఫర్డ్ తరువాతి కాలంలో భావించాడు. అయితే కింగ్ హిల్ కుటుంబాల పోరాటం, కుటుంబాలను విడదీయవద్దని 1966లోనే మంత్రిత్వశాఖలు స్థానిక సంస్థలకు పంపిన సలహాపత్రం కూడా ఈ మార్పుకు దారితీసిన కారణాలలో చేర్చవలసినవే.

స్థానిక సంస్థల ప్రతినిధులలో కొందరు చిత్రంపై ఆగ్రహించారు. ఒకే కుటుంబానికి ఇన్ని దురదృష్టాలు వరుసగా రావడం అతిశయోక్తి అని, వేర్వేరు చోట్ల జరిగిన చెడులన్నీ ఒకచోట పోగుచేశారని, గణాంకాలు సరికావని వారి వాదన. పలువురి అనుభవాలను ఒక్కరికి ఆపాదించడం నాటకానికి సహజమే. కాని ఇవి నిజంగా జరిగినవని ముగింపులో ప్రకటించే నాటకానికి ఆ స్వేచ్ఛ ఎంతవరకు ఉంటుందన్న ప్రశ్నను ఈ ఆక్షేపణ ముందుకు తెచ్చింది.

ప్రసారమైన రెండు వారాలకు, 1966 డిసెంబర్ 1న ‘షెల్టర్’ అనే స్వచ్ఛంద సంస్థ ప్రారంభమైంది. చిత్రం చూసి పుట్టిన సంస్థగా దీన్ని పేర్కొనడం పరిపాటి. నిజానికి నాటింగ్ హిల్‌లో గృహవసతి ట్రస్టు నడిపిన మతాచార్యుడు బ్రూస్ కెన్రిక్, ఆయన సహచరులు ఈ సంస్థకు ప్రణాళికను ప్రసారానికి ముందే సిద్ధం చేసుకున్నారు. రెండూ ఒకే కాలంలో రావడం యాదృచ్ఛికం. ఆ యాదృచ్ఛికతను సంస్థ ప్రచారసారథి డెస్ విల్సన్ సమర్థంగా వినియోగించుకున్నాడు. చిత్రం కలిగించిన ఆవేదన వ్యక్తం కావడానికి ఒక చిరునామా దొరికింది. సంస్థ చెప్పదలచిన విషయానికి ముందుగానే ఒక ముఖం ఏర్పడింది. 1967లో స్థాపితమైన ‘క్రైసిస్’ సంస్థ మాత్రం తన పుట్టుకకు ఈ చిత్రం ప్రేరణ అని స్వయంగా చెప్పుకుంటుంది.

8. వాస్తవం - కల్పన: రూపంపై వివాదం:

చిత్రంపై వచ్చిన గంభీరమైన విమర్శ బీబీసీ పరివారం నుంచే వచ్చింది. సంస్థలో వర్తమానవ్యవహారాల కార్యక్రమాలను తీర్చిదిద్ది, అప్పటికి పదవీవిరమణ చేసిన గ్రేస్ విండమ్ గోల్డీ 1967 జనవరిలో ‘సండే టెలిగ్రాఫ్’లో ఒక వ్యాసం రాసింది. టెలివిజన్‌లో వాస్తవాన్నీ కల్పననూ కలపడం మానుకోవాలన్నది దాని సారం. తాను చూస్తున్నది జరిగిన విషయమా, నటించిన విషయమా అని తెలుసుకునే హక్కు ప్రేక్షకునికి ఉందని, ఆ గీత చెరిగితే నిజమైన డాక్యుమెంటరీపై కూడా నమ్మకం సడలుతుందని ఆమె ఆందోళన. 1969 జనవరిలో బీబీసీ వారపత్రిక ‘రేడియో టైమ్స్’ ఇదే ధోరణిలో ఒక వ్యాసం ప్రచురించింది. గార్నెట్, లోచ్, వారి సహచరులు దానికి బదులిచ్చారు. రాజకీయంగా ఇబ్బంది కలిగించని నాటకాలలో ఇటువంటి మిశ్రమాన్ని ఎవరూ ఆక్షేపించరని, అభ్యంతరం రూపం పేరిట వ్యక్తమవుతున్నా అసలు గురి విషయమేనని వారి సమాధానం.

ఈ రెండు వాదాలనూ తూచడానికి ఒక సమకాలీన ఉదాహరణ తోడ్పడుతుంది. పీటర్ వాట్కిన్స్ 1965లో బీబీసీ కోసమే అణుయుద్ధంపై ‘ది వార్ గేమ్’ రూపొందించాడు. అదికూడా డాక్యుమెంటరీ రూపంలో ఉన్న కల్పనే. ప్రభుత్వ ఉన్నతాధికారులకు ముందుగా చూపిన తరువాత, టెలివిజన్‌కు అది మరీ భయానకమన్న కారణంతో బీబీసీ ప్రసారాన్ని నిలిపివేసింది. థియేటర్లలో విడుదలై డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ పొందినప్పటికీ అది బ్రిటిష్ టెలివిజన్ తెరపైకి 1985లో గాని రాలేదు. ఒకే సంస్థ, ఏడాది తేడాతో, ఒకే విధమైన రూపాన్ని ఒకచోట అనుమతించి మరొకచోట అడ్డుకుంది. రక్షణవిధానాన్ని ప్రశ్నించిన చిత్రం ఆగిపోయింది. స్థానిక సంస్థల నియమాలను ప్రశ్నించిన చిత్రం వెలుగు చూసింది. విషయమే ప్రధానమన్న గార్నెట్ బృందం వాదానికి ఇది కొంత బలం చేకూరుస్తుంది. అయినా గోల్డీ ప్రశ్న పూర్తిగా వీగిపోదు. సాక్ష్యంగా తనను తాను సమర్పించుకునే కళ సాక్ష్యానికి వర్తించే ప్రమాణాలకు కూడా జవాబు చెప్పవలసి ఉంటుంది.

1970లలో ఈ చర్చ విశ్వవిద్యాలయ విమర్శలోకి ప్రవేశించింది. ‘స్క్రీన్’ పత్రికలో కాలిన్ మెకేబ్ వంటి విమర్శకులు వాస్తవిక కథనం ప్రపంచాన్ని ముందే తేలిపోయిన సత్యంగా చూపుతుందని, వైరుధ్యాలను ప్రేక్షకుడు స్వయంగా గ్రహించే అవకాశం ఇవ్వదని వాదించారు. రేమండ్ విలియమ్స్ వాస్తవికతను స్థిరమైన రూపంగా కాక చారిత్రక ఉద్యమంగా చూడాలని సూచించాడు. జాన్ కాహీ 1980లో రాసిన వ్యాసంలో డాక్యుమెంటరీ డ్రామాలో రెండు చూపులను గుర్తించాడు. నాటకీయ చూపు పాత్రల మధ్య కళ్ల కలయిక ద్వారా ప్రేక్షకుణ్ణి కథలోకి లాగుతుంది. డాక్యుమెంటరీ చూపు వారిని బయటి నుంచి, సామాజిక వస్తువుగా చూపుతుంది. ఈ వర్గీకరణను అన్వయిస్తే ‘కేథీ కమ్ హోమ్’లో ఒక మార్పు కనిపిస్తుంది. ప్రేమదృశ్యాలలో నాటకీయ చూపు బలంగా ఉంటుంది. వసతిగృహానికి చేరేసరికి కెమెరా దూరం జరిగి కేథీ అనేకమంది స్త్రీలలో ఒకతెగా కనిపిస్తుంది. వ్యవస్థ ఆమెను వ్యక్తి స్థాయి నుంచి ‘కేసు’ స్థాయికి దించడం, కెమెరా చూపులో వచ్చే మార్పు ఒకదానికొకటి తోడవుతాయి.

9. చట్టంపై ప్రభావం - ప్రచారం, వాస్తవం:

గృహహీనుల విషయంలో మౌలికమైన శాసనం 1977లో వచ్చింది. లిబరల్ పార్టీ సభ్యుడు స్టీఫెన్ రాస్ ప్రైవేటు సభ్యుని బిల్లుగా ప్రవేశపెట్టిన గృహవసతి (గృహహీనుల) చట్టం, ఈ బాధ్యతను సంక్షేమ విభాగాల నుంచి గృహవసతి విభాగాలకు మార్చింది. తాత్కాలిక ఆశ్రయం స్థానంలో నిర్దిష్ట వర్గాలకు శాశ్వత వసతి పొందే వీలు కల్పించింది. చిత్రానికీ చట్టానికీ మధ్య పదకొండేళ్లు గడిచాయి. ఈ కాలంలో షెల్టర్ తదితర సంస్థలు నిరంతరం ఒత్తిడి తెచ్చాయి. తాత్కాలిక వసతిగృహాలలో ఉన్నవారినే గృహహీనులుగా లెక్కించే అధికారిక పద్ధతిని షెల్టర్ సవాలు చేసింది. నివాసయోగ్యం కాని ఇళ్లలో మగ్గుతున్నవారు కూడా గృహహీనులేనన్నది దాని వాదం. కనుక చిత్రం వల్ల చట్టం వచ్చిందనడం కంటే, చట్టం కోసం పోరాడినవారి మాటను వినడానికి చిత్రం శ్రోతలను సిద్ధం చేసిందనడం సముచితం.

చట్టంలోని నిబంధనలను చిత్రంతో పోల్చి చూడడం మరింత ప్రయోజనకరం. తనంతట తానే ఇల్లు పోగొట్టుకున్నవారికి పూర్తి హక్కు ఉండదన్న నియమం పార్లమెంటు చర్చల ఒత్తిడితో చట్టంలో చేరింది. అద్దె బకాయి పడి ఇల్లు కోల్పోయినవారిని కూడా ఈ నియమం కింద తిరస్కరించే వీలు ఏర్పడింది. తప్పు కేథీది కాదని చిత్రం కోటి మందికి పైగా ప్రేక్షకులకు చూపింది. తప్పు ఎవరిదని ప్రతి దరఖాస్తుదారునీ విచారించే అధికారం మాత్రం చట్టంలో నిలిచిపోయింది. ప్రేక్షకుల సానుభూతి ఎంత విస్తృతమైనదైనా, అది శాసనభాషలోకి వచ్చేసరికి సగమే మిగిలిందని దీనివల్ల తెలుస్తుంది.

10. కనిపించినవారు - కనిపించనివారు:

చట్టంలో మరొక నియమం ప్రాధాన్య అవసరం. పిల్లలున్న కుటుంబాలు, గర్భిణులు, వృద్ధులు, అనారోగ్యం వంటి కారణాలతో బలహీనులైనవారు ఈ వర్గంలోకి వస్తారు. ఏ ప్రత్యేక కారణమూ లేని ఒంటరి వ్యక్తులు చాలావరకు దీని వెలుపల ఉండిపోయారు. శాండ్‌ఫర్డ్ తన నాయికగా యువతిని, వివాహితను, ప్రేమగల తల్లిని ఎంచుకున్నాడు. ప్రేక్షకుని సానుభూతి ఆమెపై ప్రసరించడానికి ఎటువంటి నైతిక ఆటంకమూ ఉండకూడదన్నది ఈ ఎంపిక వెనుక ఉన్న వ్యూహంగా భావించవచ్చు. ఆ వ్యూహం ఫలించింది. కాని ‘అర్హురాలైన’ బాధితురాలి చిత్రణ బలపడినకొద్దీ, అంత సులభంగా సానుభూతి కలగని బాధితులు నేపథ్యంలోకి జారిపోతారు. చట్టంలోని ప్రాధాన్యక్రమానికి చిత్రమే కారణమని చెప్పలేము. అయితే రెండింటి వెనుకా ఉన్నది ఒకే సామాజిక దృష్టి.

ఈ లోటును శాండ్‌ఫర్డ్ స్వయంగా గుర్తించినట్లు ఆయన తరువాతి రచనలు సూచిస్తాయి. 1971లో ప్రసారమైన ‘ఎడ్నా, ది ఇనీబ్రియేట్ ఉమన్’ నాయిక ఎడ్నా మధ్యవయస్కురాలు, ఒంటరి, మద్యానికి అలవాటుపడిన దేశదిమ్మరి. స్టేషన్‌లో పిల్లలు దూరమైన క్షణం నుంచి కేథీ కూడా ఒంటరి స్త్రీయే. ఆమె కథ ముగిసిన చోట ఎడ్నా కథ మొదలవుతుందని చెప్పవచ్చు.

లోచ్ ఆత్మవిమర్శ వేరొక దిశలో సాగింది. చిత్రం సమస్యను చూపిందే గాని భూమి యాజమాన్యం, నిర్మాణరంగం, పెట్టుబడి వంటి మూలాల జోలికి వెళ్లలేదని, అందువల్లనే అన్ని పక్షాలవారూ సానుభూతి ప్రకటించి ఊరుకోగలిగారని ఆయన తరువాతి కాలంలో పలుమార్లు అభిప్రాయపడ్డాడు. అందరినీ కదిలించిన చిత్రం ఎవరినీ గట్టిగా ఇరుకున పెట్టలేదన్న ఈ అసంతృప్తి, కార్మికోద్యమాలను నేరుగా చిత్రించిన ఆయన తదనంతర రచనలకు ఒక కారణమైంది. యాభై ఏళ్ల తరువాత, 2016లో, సంక్షేమవ్యవస్థ నియమాల మధ్య నలిగిపోయే మనిషిని ‘ఐ, డానియల్ బ్లేక్’లో ఆయన మళ్లీ చూపవలసి రావడం గమనార్హం.

11. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. ‘కేథీ కమ్ హోమ్’ శూన్యంలో పుట్టలేదు. కింగ్ హిల్ కుటుంబాల ప్రతిఘటన, మిల్నర్ హాలండ్ నివేదిక వంటివి దానికి ముందే ఉన్నాయి. చిత్రం వాటికి లక్షలాది ఇళ్లలోకి చేరగల రూపం కల్పించింది.

2. 16 ఎంఎం కెమెరా, నిజస్థలాలు, బహుస్వర కథనం, వార్తల తరువాతి ప్రసారసమయం కలిసి వార్తకు, రేడియో కార్యక్రమానికి సాధ్యపడని ప్రభావాన్ని సాధించాయి.

3. షెల్టర్ స్థాపన చిత్రఫలితం కాదు, సమకాలీన ఘటన. 1977 చట్టం పదకొండేళ్ల సమష్టికృషి ఫలితం. చిత్రం ఆ కృషికి అనుకూలమైన ప్రజాభిప్రాయాన్ని ఏర్పరచింది.

4. వాస్తవ-కల్పనల మిశ్రమంపై వివాదం కేవలం రూపానికి సంబంధించినది కాదు. ఏ అధికారాన్ని ప్రశ్నిస్తే ఆ మిశ్రమాన్ని సంస్థ సహిస్తుందన్న ప్రశ్న కూడా అందులో ఇమిడి ఉంది.

5. చిత్రం గృహహీనతను వ్యక్తి దోషం నుంచి వ్యవస్థ దోషంగా చూపింది. చట్టం ఈ దృష్టిని పాక్షికంగానే స్వీకరించింది. చిత్రం ఎంచుకున్న నాయిక స్వభావమే దాని సానుభూతికి బలమూ, హద్దూ అయింది.

కళకు సమాజాన్ని మార్చే శక్తి ఉందా అన్న ప్రశ్నకు ఈ చిత్రచరిత్ర ఇచ్చే సమాధానం మధ్యస్థమైనది. కళ చట్టాన్ని రాయదు. చట్టం ఎవరిని చూడడం లేదో ప్రజలకు చూపగలదు. అలా చూపిన తరువాత జరగవలసిన దీర్ఘకాల శ్రమను కళ ఖాతాలో వేయడం వల్ల ఆ శ్రమ చేసినవారికి, కళకూ కూడా న్యాయం జరగదు.